నాలుగు ముడుల తాయెత్తు

పిల్లల పోషణ కేంద్రం గేటును షూయీ అబ్కర్ దాటేసరికి తొమ్మిది నలభై. కెప్టెన్ ముక్బిల్ జీపు అప్పటికే గోడ నీడలో ఆగి ఉంది. షూయీ దాని ముందు రేకు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. గేటు కన్నా చల్లగా ఉంది. అంటే వచ్చి గంట దాటింది. చెప్పిన వేళకు గంట ముందు వచ్చాడంటే ఆ మనిషి దర్యాప్తుకు రాలేదు, తీర్పు జేబులో పెట్టుకునే వచ్చాడు.

ముప్పై ఏళ్ళు బైత్ మర్జాన్ ఊరి బజారులో గుడ్డలమ్మిన మనిషి షూయీ. యుద్ధంలో రేవు మూతపడి, సరుకు రావడం ఆగిపోయి, నాలుగేళ్ళ కిందట అంగడికి తాళం పెట్టాడు. తర్వాత పిల్లల సహాయ సంస్థ వాళ్ళు అతన్ని దర్యాప్తు పనికి తీసుకున్నారు. బస్తా ఎత్తి చూసి ఎంత తగ్గిందో చెప్పగలడని, మాట్లాడే మనిషి ఏ మాట దగ్గర తడబడ్డాడో పట్టుకోగలడని. బేరం చేసేవాడికి ఆ రెండూ రాకపోతే పూట గడవదు.

ఇప్పుడు అతని ముందున్న వ్యవహారం ఇది. మొన్న ఆదివారం ఉదయం పదిన్నరకు బజారులో ఒక కిరాణా కొట్లో వేరుశెనగ ముద్ద పెట్టెలు నాలుగు దొరికాయి. బాగా చిక్కిపోయిన పిల్లలకు మందులా తినిపించే ముద్ద అది. అమ్మకూడదు, కొనకూడదు. అదే రోజు మధ్యాహ్నం రెండింటికి, ఊరి బయట కాందిశీకుల శిబిరంలో వర్దా అనే పద్నాలుగు నెలల పాప తిండి చాలక చనిపోయింది. ఎవరో శిబిరం ఆడమనిషి తెచ్చి అమ్మిందని కొట్టువాడు చెప్పాడు. కెప్టెన్ రెంటినీ కలిపి కట్టేశాడు. బిడ్డ తిండి తల్లే అమ్ముకుంది, అందుకే బిడ్డ పోయింది. మధ్యాహ్నం నమాజు కాగానే ఆమెను జిల్లా జైలుకు పంపుతానని నిన్న సాయంత్రం కబురు పెట్టాడు.

నమాజు పన్నెండూ అయిదుకు. షూయీ చేతిలో ఉన్నది రెండుగంటల పాతిక నిమిషాలు.

"రావయ్యా అంగడాయనా!" వసారాలో కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్న కెప్టెన్ లేవకుండానే పిలిచాడు. "కొలతలు తీసుకోవడానికి వచ్చావా? నీ కొలతలు నాకు తెలుసులే. నా పెళ్ళికి నీ అంగట్లో మూడు మీటర్లు కొన్నాను. పాదాల దాకా రావాల్సిన చొక్కా మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది. పెళ్ళికొచ్చిన వాళ్ళంతా నా మొహం మానేసి నా పిక్కలు చూశారు."

"ఉతికితే కుదించుకుపోతుంది కెప్టెన్ గారూ, నూలు గుడ్డ కదా."

"ఉతక్కముందే కుదించుకుపోయిందయ్యా!"

తలుపు దగ్గర సిపాయి కిసుక్కుమన్నాడు. షూయీ కూడా నవ్వాడు. ఈ మాట ముప్పై ఏళ్ళలో అతను చాలామంది దగ్గర విన్నాడు, ప్రతిసారీ ఇదే జవాబు చెప్పాడు, ప్రతిసారీ ఇలాగే నవ్వాడు.

"ఆమెతో మాట్లాడాలి," అన్నాడు.

"మాట్లాడుకో. నోరు విప్పితే నాకూ చెప్పు. నమాజు కాగానే బండి కదులుతుంది. ఆ తర్వాత నాకు ఖాత్ ఆకు నమిలే కూటం ఉంది, పెద్దవాళ్ళు వస్తున్నారు. ఆలస్యం చెయ్యలేను."

పక్కగదిలో వర్దా తల్లి తఖియ్యా నేలమీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పాతికేళ్ళుంటాయి. కొంగు చాటున మూడేళ్ళ పిల్ల, పెద్ద కూతురు జవాహిర్, బొటనవేలు నోట్లో పెట్టుకుని చీకుతోంది. వాళ్ళ పక్కన కేంద్రం నర్సు కబూల్. రెండు రోజులుగా నిద్రలేనట్టు ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తఖియ్యా మొగుడు సరిహద్దు వైపు యుద్ధానికి వెళ్ళి ఏడు నెలలు, ఉన్నదీ లేనిదీ తెలియదు. ఈమెను బండి ఎక్కిస్తే ఆ మూడేళ్ళ పిల్లను చూసే దిక్కు లేదు.

షూయీ ఎదురుగా నేలమీదే కూర్చున్నాడు.

"ఆదివారం పొద్దున ఏడింటి నుంచి పదింటి దాకా ఎక్కడున్నావమ్మా?"

తఖియ్యా పిల్లను ఇంకా దగ్గరికి లాక్కుంది.

"గుడారంలో లేవు. పక్క గుడారం వాళ్ళు చెప్పారు. పది దాటాక అన్నం పొట్లంతో వచ్చావట. ఆ అన్నం ఎక్కడిది?"

తఖియ్యా తలుపు వైపు చూసింది. అక్కడ సిపాయి నిలబడి ఉన్నాడు. షూయీ లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"మీరు రాసుకుంటారా?" అంది ఆమె.

షూయీ కలం జేబులో పెట్టేశాడు.

"బస్సులు ఆగే చోట హోటలుంది కదా. దాని ముందు కూర్చున్నాను. ముసుగు బాగా కిందికి లాక్కుని." ఆగింది. "చెయ్యి చాపాను."

కబూల్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ మాట కెప్టెన్‌తో చెప్పి ఉంటే అయిపోయేది కదమ్మా," అన్నాడు షూయీ. "హోటలు వాడు సాక్ష్యం చెప్పేవాడు."

"వద్దయ్యా! మా అత్తింట్లో ఏ ఆడదీ ఎప్పుడూ చెయ్యి చాపలేదు. మా ఆయన తిరిగొస్తే ఏ మొహంతో చూడను? దొంగ అననివ్వండి. దొంగతనం అంటే జైల్లో పెట్టి వదిలేస్తారు. అడుక్కుంది అంటే పిల్ల పెళ్ళి దాకా చెప్పుకుంటారు."

ఒక నింద తప్పించుకోవడానికి ఇంకో నింద కొనుక్కునే మనిషిని షూయీ మొదటిసారి చూస్తున్నాడు. పైగా ఆమె లెక్క తప్పని కూడా అనలేకపోయాడు.

"మరి కేంద్రంలో నీకేం ఇచ్చారు?"

"ఏమీ ఇవ్వలేదు. మంగళవారం నాడు తీసుకొచ్చాను, రెండువారాల కిందటి మంగళవారం. చెయ్యి కొలిచారు. పసుపు అన్నారు. ఎరుపు కాదు, పసుపు అన్నారు. నేను సంతోషపడ్డానయ్యా. దారిపొడుగునా నవ్వుకుంటూ వెళ్ళాను. మా పాప ఎరుపు కాదని గుడారం గుడారానికీ చెప్పాను. ఇప్పుడు వాళ్ళ మొహాలు చూడలేకపోతున్నాను."

చేతి చుట్టుకొలత మరీ తక్కువైతే టేపు ఎరుపు చూపిస్తుంది, ఎరుపు అంటే ముద్ద ఇస్తారు. పసుపు వాళ్ళకు ఇవ్వాల్సిన పిండి రోడ్లు మూసుకుపోయినప్పటి నుంచీ రావడం లేదు. పసుపు అంటే ఇంటికి పోయి బాగా పెట్టమని చెప్పి పంపడమే.

అప్పుడు షూయీ ఆమె కుడి పిడికిలి చూశాడు. లోపలికి వచ్చినప్పటి నుంచీ అది ఒక్కసారి కూడా విప్పుకోలేదు.

"చేతిలో ఏముంది తల్లీ?"

ఆమె వేళ్ళు మెల్లగా తెరుచుకున్నాయి. చిన్న తోలు తాయెత్తు. నలుపూ తెలుపూ పేనిన దారం.

"వర్దా దండచేతికి కట్టినది. చివరిసారి కడిగేటప్పుడు విప్పక్కర్లేకుండా దానంతటదే జారి వచ్చింది."

షూయీ దాన్ని తీసుకుని కిటికీ వెలుతురులో పట్టుకున్నాడు. అక్కడి తల్లులందరిలాగే కట్టింది. తాయెత్తు మోచేతి మీదికి జారితే అశుభం. దువా చదివి వేసిన ముడి విప్పినా అశుభమే. అందుకని వదులైనప్పుడల్లా పాత ముడి అలాగే ఉంచి, దారం గుంజి, లోపలికి ఇంకో ముడి వేస్తారు. ఈ దారానికి ఒకటి వెనక ఒకటి నాలుగు ముడులు. మొదటి మూడూ గుండ్రంగా, బిగుతుగా. నాలుగోది బల్లపరుపుగా, రెండు కొసలూ అటూ ఇటూ సమంగా.

"ఈ నాలుగోది నువ్వు వేసింది కాదు."

"నేనే వేశాను బాబాయ్," అంది కబూల్. "కట్టు కట్టే ముడి అది, మాకు నేర్పించేది. ఆ మంగళవారం చెయ్యి కొలవడానికి తాయెత్తు జార్చి తీశాను. మళ్ళీ తొడిగితే వదులుగా ఉంది. మామూలుగా చేసే విధంగానే లోపలికి ముడి వేశాను."

"ఎంత బిగించి?"

"వేలు దూరనంత."

షూయీ ఆ దారం తన రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి ఎందుకో అతనికే తెలియదు. పడేయకూడని గుడ్డముక్క చేతికి తగిలినట్టు అనిపించింది, అంతే.

పదీ నలభైకి వసారాలోకి వచ్చాడు, వెనకే కబూల్. కెప్టెన్ పట్టుకొచ్చిన నాలుగు పెట్టెలూ బల్ల మీద ఉన్నాయి. షూయీ వాటి చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక పెట్టె ఎత్తి దించాడు.

"ఏం చెప్పింది?" అన్నాడు కెప్టెన్.

"ఏమీ చెప్పలేదు. ఈ పెట్టెలు చెబుతున్నాయి. ఒక పిల్లకు వారానికి ఎన్ని పొట్లాలిస్తారు కెప్టెన్ గారూ?"

"నాకెందుకవన్నీ?"

"పదిహేను. అవీ విడిగా, లెక్కపెట్టి చేతికిస్తారు. ఖాళీ పొట్లాలు వెనక్కి తెస్తేనే మళ్ళీ ఇస్తారు. ఒక పెట్టెలో నూట యాభై. ఈ నాలుగు పెట్టెలకూ ప్లాస్టిక్ పట్టీ తెగలేదు, మూత లేవలేదు. ఏ తల్లి చేతికీ పట్టీ తెగని పెట్టె రాదు. పట్టీ ఉన్న పెట్టె ఒక్కచోటే ఉంటుంది." వసారా చివర తాళం వేసి ఉన్న గది వైపు చూపించాడు. "ఆ గోదాములో."

కెప్టెన్ కుర్చీ ముందుకాళ్ళు టక్కున నేలకు ఆనాయి.

"గోదాము తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది కబూల్?"

"స్టోర్ కీపర్ హమూద్ దగ్గర. ఆదివారం సాయంత్రం నుంచి రావడం లేదు బాబాయ్. తాళం కూడా తియ్యలేకపోతున్నాం. నిన్న ఎరుపు పిల్లల్ని వట్టి చేతులతో పంపాను."

"హమూద్," అన్నాడు షూయీ మెల్లగా. "మీ ఆవిడ తమ్ముడు కదూ, కెప్టెన్ గారూ?"

సిపాయి నేల చూపులు చూశాడు. కెప్టెన్ మెడ మీద నరం లేచింది.

"నోరు అదుపులో పెట్టుకో. వాడెక్కడున్నాడో నాకేం తెలుసు? చుట్టరికం ఉంటే నేరం ఉన్నట్టా?"

"లేదు. కానీ చుట్టరికం లేని ఆడమనిషి మీద నేరం ఎంత తొందరగా పడిందో చూస్తున్నాను."

"సరే. పెట్టెలు ఆమె అమ్మలేదనుకో. మరి పిల్ల ఎందుకు చచ్చింది? బాగున్న పిల్ల రెండువారాల్లో చస్తుందా? కొలిచి పసుపు అని రాసిన కార్డు ఉంది. తల్లి తిండి పెట్టలేదు, అంతే కదా! లేదా..." కెప్టెన్ వేలు కబూల్ వైపు తిరిగింది. "ఈ నర్సు దొంగ కొలత రాసింది. ఎరుపు వాళ్ళను పసుపు అని తరిమేస్తే గోదాములో పెట్టెలు మిగుల్తాయి. మిగిలినవి పంచుకున్నారు. ఎలా ఉంది నా లెక్క?"

లెక్క బాగానే ఉంది. అదే షూయీని కలవరపెట్టింది. కెప్టెన్ చెడ్డ ఉద్దేశంతో చెప్పినా, పెట్టెలు మిగలాలంటే పిల్లలు తగ్గాలి. గోడమీద అద్దాల చట్రంలో పెద్ద ఆఫీసు పంపిన ప్రశంసాపత్రం వేలాడుతోంది. ఎనిమిది నెలల్లో ఎరుపు పిల్లలు నెలకు నూట నలభై నుంచి అరవైకి తగ్గినందుకు.

"నేను తప్పు రాయలేదు!" కబూల్ బల్ల దగ్గరికి వచ్చింది. "పన్నెండు సెంటీమీటర్లకు నూలువాసి తక్కువ వచ్చింది. పదకొండున్నర లోపైతేనే ఎరుపు. నా చేత్తో కొలిచాను. కావాలంటే టేపు చూడండి."

తెల్లని రెగ్జిన్ పట్టీ ఒకటి బల్ల మీద పెట్టింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు, సన్నని నల్లగీతలు. షూయీ జేబులోంచి తాయెత్తు తీశాడు. దారం ఉచ్చును నాలుగో ముడి దగ్గర సాగకుండా పట్టుకుని, చుట్టుకొలత టేపు మీద పరిచాడు. పన్నెండుకు నూలువాసి తక్కువ. పసుపు.

"చూశావా బాబాయ్," అంది కబూల్, ఏడుపూ ఊరటా కలిసిపోయి.

షూయీ చూశాడు. కానీ అతని చూపు అంకె మీద లేదు. గీతకూ గీతకూ మధ్య ఉన్న ఎడం మీద ఉంది. ముప్పై ఏళ్ళు గుడ్డ కొలిచిన కంటికి ఆ ఎడం ఎక్కడో చూసినట్టుంది.

"పిల్లల పొడవు కొలిచే పలక ఉందిగా. పట్రా."

పసిపిల్లల్ని పడుకోబెట్టి కొలిచే చెక్క పలక అది, సంస్థతో పాటు విదేశం నుంచి వచ్చింది. అంచు వెంబడి అచ్చువేసిన అంకెలు. షూయీ రెగ్జిన్ టేపును దాని పక్కన పరిచి, సున్నాకు సున్నా ఆనించి, చివరిదాకా వేలితో నొక్కుతూ పోయాడు.

టేపు మీద ఇరవై అయిదు. పలక మీద ఇరవై మూడు.

కెప్టెన్ కూడా లేచి వచ్చి వంగి చూశాడు.

షూయీ తాయెత్తు దారాన్ని ఈసారి పలక మీద పెట్టాడు. పదకొండు. పదకొండున్నరకు అర సెంటీమీటరు లోపల. ముడి వదులుగా వేసి ఉంటే చెయ్యి ఇంకా సన్నం. అంతకన్నా లావై ఉండే వీలే లేదు.

"వర్దా ఆ రోజే ఎరుపు," అన్నాడు. "నువ్వు సరిగ్గానే కొలిచావు కబూల్. టేపు అబద్ధం చెప్పింది."

కబూల్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కగది గుమ్మంలో తఖియ్యా ఎప్పుడొచ్చి నిలబడిందో, ఎంత విందో తెలియదు. కూతుర్ని చంకన వేసుకుని కదలకుండా ఉంది.

"ఈ టేపు ఎక్కడిది?" అడిగాడు షూయీ. అడిగాడే గాని జవాబు రాకపోతే బాగుండునని అనిపించింది.

"సంస్థ ఇచ్చిన కాగితం టేపులు చిరిగిపోయాయి బాబాయ్. రోడ్లు మూసేశారు. మూడుసార్లు రాస్తే వచ్చే లారీలో పంపుతామన్నారు. ఎనిమిది నెలల కిందట దర్జీ జబ్రాన్ దగ్గర చేయించాను. ఆయన తన గుడ్డ టేపు పెట్టి గీస్తానంటే నేనే వద్దన్నాను. గుడ్డ సాగుతుంది, పిల్లల ప్రాణాల సంగతి, ఆయన కొట్లో ఇనప మీటరు కడ్డీ ఉంటే దాంతో గియ్యమన్నాను. ఇనుము సాగదు కదా అని."

"అయితే దర్జీగాడన్నమాట!" కెప్టెన్ మొహం వెలిగింది. బావమరిది గొడవలోంచి, ఇంట్లో భార్య పెట్టబోయే ఏడుపులోంచి బయటపడే సందు దొరికింది అతనికి. "సిపాయీ, జీపు తీసుకెళ్ళి జబ్రాన్‌ని పట్టుకురా. ఆ కడ్డీ కూడా."

పదకొండూ పదికి జీపు వెళ్ళింది. పదకొండున్నరకు తిరిగొచ్చింది. ఆ ఇరవై నిమిషాలూ షూయీ నీళ్ళకుండ దగ్గర నిలబడ్డాడు. రెండుసార్లు గ్లాసు ముంచాడు, రెండుసార్లూ తాగకుండా పారబోశాడు.

జబ్రాన్‌కు అరవై దాటాయి. మెళ్ళో ఇంకా సూదుల దిండు వేలాడుతోంది, తియ్యడానికి కూడా టైమివ్వలేదు. సిపాయి కడ్డీని బల్ల మీద పడేశాడు. రెండు కొసలకూ ఇత్తడి తొడుగులు. అరిగిపోయి మెరుస్తున్నాయి.

కెప్టెన్ తనే దాన్ని పలక పక్కన పెట్టాడు. పలక పొడవు చాలలేదు. జరిపి జరిపి రెండుసార్లు కొలిచాడు.

"తొంభై రెండు! మీటరుకు ఎనిమిది తక్కువ. ముసలాడా, ఎంతమంది పిల్లల్ని చంపావురా?"

"నాకు తెలియదు దొరా!" జబ్రాన్ చేతులు జోడించాడు. "నేను గుడ్డ అమ్మేవాణ్ణి కాదు. ఇచ్చిన గుడ్డ కుట్టేవాణ్ణి. ఆ కడ్డీ నాకు... నాకొకరు..." అతని కళ్ళు షూయీ మీద పడి, వెంటనే పక్కకు తిరిగాయి. "బజారులో దొరికింది."

కెప్టెన్ కాగితం తీసి జబ్రాన్ పేరు రాయడం మొదలుపెట్టాడు.

ఇత్తడి తొడుగు మీద సుత్తితో కొట్టిన చిన్న గుర్తుంది. నెలవంక, దాని కింద రెండు చుక్కలు. ఆ గదిలో దాన్ని చదవగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకడు నోరు మూసుకున్నాడు, పాత స్నేహం కోసం. రెండోవాడు షూయీ.

తండ్రి ఆ కడ్డీని ఆకురాయితో అరగదీయించి, కొత్త కోతలు సమంగా పంచి పెట్టించి, ఇత్తడి తొడిగించిన రోజు షూయీకి పద్దెనిమిదేళ్ళు. 'ఎనిమిది సెంటీమీటర్లకు ఎవరూ చావరు,' అన్నాడు తండ్రి. ముప్పై ఏళ్ళు ఆ మాటే షూయీ తనకు తాను చెప్పుకున్నాడు. కొన్నవాడికి చొక్కా కాస్త పొట్టి అవుతుంది. అంతే కదా. అంగడి మూసిన రోజు కడ్డీని కాలవలో పారేద్దామనుకుని, పనికొచ్చే ఇనుము దండగ ఎందుకని జబ్రాన్‌కు ఇచ్చాడు. తక్కువ కొలత అని చెప్పడానికి సిగ్గేసింది. దర్జీవాడు అమ్మడు కదా, వాడికేం నష్టం అని సర్దుకున్నాడు. ప్రతి మెట్టు దగ్గరా సర్దుబాటు చిన్నదే. అన్నీ కలిపితే ఒక పసిపిల్ల చెయ్యి.

ఇప్పుడు కూడా నోరు మెదపకపోతే చాలు. కెప్టెన్‌కు దర్జీ చాలు. దర్జీ చెప్పడు.

"కెప్టెన్ గారూ."

"ఏమిటి?"

"మీ పెళ్ళి చొక్కా ఉతికి కుదించుకుపోలేదు."

కలం ఆగింది. కెప్టెన్ అతన్నీ, కడ్డీనీ మార్చి మార్చి చూశాడు. అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఆ గుర్తు మా అంగడిది," అన్నాడు షూయీ. "కడ్డీ అరగదీయించింది మా నాన్న. దాంతో కొలిచింది నేను. జబ్రాన్‌కు ఇచ్చింది నేను. తక్కువని చెప్పకుండా ఇచ్చింది కూడా నేనే. ఆయన పేరు కొట్టేసి నా పేరు రాయండి."

"ఎందుకయ్యా నువ్వు..." అంటూ జబ్రాన్ కూలబడ్డాడు.

కెప్టెన్ షూయీ భుజం పట్టి వసారా మూలకు లాక్కెళ్ళాడు. గొంతు తగ్గించాడు.

"పిచ్చి పని చెయ్యకు. బేరగాడివి, బేరంలా ఆలోచించు. నువ్వు హమూద్ సంగతి మర్చిపో, నేను ఈ కడ్డీ సంగతి మర్చిపోతాను. టేపులు తగలబెట్టేద్దాం. ఆమెను ఇంటికి పంపేస్తాను, దర్జీని కూడా. ఎవరికీ ఏమీ లేదు. సరిపోయింది కదా?"

సరిపోయింది. తక్కువైంది ఒక్క పసిపిల్ల చెయ్యి. అంతకన్నా చక్కని బేరం షూయీ జీవితంలో ఎవరూ పెట్టలేదు. అందుకే అతనికి తన మీద తనకు అసహ్యం వేసింది. ఆ బేరం ఎంత బాగుందో ఒక్క క్షణం తూచి చూసుకున్నందుకు.

"కబూల్," అని అక్కడినుంచే పిలిచాడు. "ఇలాంటి టేపులు ఎన్ని చేయించావు?"

"నలభై బాబాయ్." ఆమె గోడ పట్టుకుంది. అడిగిన దాంట్లో ఏముందో అప్పుడే తెలిసింది ఆమెకు. "మా దగ్గర రెండు ఉంచుకుని... మిగతావి అయిదు కేంద్రాలకు పంచాను. వాళ్ళకూ టేపుల్లేవంటే. ఇవాళ మంగళవారం. అన్నిచోట్లా కొలిచే రోజు."

షూయీ కెప్టెన్ వైపు తిరిగాడు.

"ముప్పై ఎనిమిది టేపులు. ఇప్పుడు, మనం మాట్లాడుతుండగా, పిల్లల చేతులకు చుడుతున్నారు. ఎరుపు వాళ్ళను పసుపని నవ్వుతూ ఇంటికి పంపుతున్నారు. తగలబెడితే ఎవరిని పంపేశారో ఎవరికీ తెలియదు. రాయండి. ముందు నా పేరు. దాని కింద హమూద్ పేరు."

కెప్టెన్ దవడ ఆకు నములుతున్నట్టు కదిలింది, నోట్లో ఏమీ లేకుండానే.

షూయీ బల్ల దగ్గరికి వచ్చాడు. టేపు తిరగేశాడు. వెనకవైపు ఖాళీ. పలక పక్కన పెట్టి, అచ్చు అంకెలు చూసుకుంటూ పదకొండున్నర దగ్గర ఒక గీత గీశాడు. ముప్పై నాలుగేళ్ళలో అతను గీసిన మొదటి నిజమైన గీత అది. గీత కొద్దిగా వంకర పోయింది. తుడిచి మళ్ళీ గీశాడు.

గుమ్మంలోంచి తఖియ్యా వచ్చింది. తిడుతుందనుకున్నాడు. ఉమ్మేస్తుందనుకున్నాడు. అలా చేసినా బాగుండేది. ఆమె అతని మొహం వైపే చూడలేదు. చంకలో పిల్లను బల్ల మీద కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి భుజం దాకా పైకి మడిచింది.

"దీనికి కూడా పసుపే అన్నారు," అంది. "అదే రోజు. కొలవండి."

కార్డు మీద కబూల్ రాతే ఉంది. జవాహిర్, పన్నెండు, పసుపు.

కబూల్ పట్టీ చుట్టింది. జవాహిర్ బొటనవేలు నోట్లోంచి తీయకుండా పట్టీ వైపు, షూయీ వైపు చూసింది. కొస వచ్చి గీతకు ఇవతలే ఆగింది. కబూల్ ఒకసారి విప్పి మళ్ళీ చుట్టింది. మళ్ళీ అక్కడే.

"ఎంత?" అంది తఖియ్యా.

కబూల్ పట్టీ వదలకుండా షూయీ వైపు చూసింది. చెప్పాల్సింది షూయీయే.

"పదకొండు."

"ఏ రంగు?"

"ఎరుపమ్మా."

తఖియ్యా తల ఊపింది. రెండువారాల కిందట పసుపు అన్నప్పుడు నవ్విన మనిషి ఇప్పుడు ఏడవలేదు.

"అయితే ఇస్తారు కదా?"

కబూల్ గోదాము వైపు పరుగెత్తింది, తాళం పట్టుకుని గుంజింది, అక్కడే నిలబడిపోయింది. బయట దూరంగా మసీదు మైకులో ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు. పన్నెండూ అయిదు. గేటు అవతల వరసలో తల్లులు కదిలారు, ఇంకా పిలవరేమని.

"తాళం పగలగొట్టండి," అన్నాడు షూయీ. కడ్డీ అందుకున్నాడు. దానివల్ల ఒక్క మంచి పనైనా జరగనీ అనుకున్నాడు.

"ఆగు."

కెప్టెన్ ఎవరి మొహమూ చూడకుండా వచ్చాడు. చొక్కా లోపలి జేబులో చెయ్యి పెట్టాడు. బయటికి తీసి, బల్ల మీద, జవాహిర్ పక్కన ఒక ఇత్తడి తాళంచెవి పెట్టాడు. దానికి ఎర్రదారం, గోదాము అని రాసిన అట్టముక్క.

ఆదివారం సాయంత్రం నుంచి హమూద్ ఎక్కడున్నాడో ఇంక ఎవరూ అడగక్కర్లేదు.

సిపాయి నోరు తెరిచి తన అధికారి వైపు చూశాడు. కెప్టెన్ కాగితం లాక్కుని, జబ్రాన్ పేరు కొట్టేసి, షూయీ అబ్కర్ అని రాశాడు. దాని కింద హమూద్ అని రాశాడు. దాని కింద ఇంకో పేరు రాయడానికి కలం ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"జీపు తీసుకెళ్ళు," అన్నాడు చివరికి, తల ఎత్తకుండా. "అయిదు కేంద్రాలు. ముందు ఏది దగ్గరో దానికి పో. తిరిగొచ్చాక నిన్ను అరెస్టు చేస్తాను."

"వస్తాను," అన్నాడు షూయీ.

గేటు దాటుతూ వెనక్కి చూశాడు. గోదాము తలుపు తెరుచుకుంది. కబూల్ పొట్లం కొస చింపి జవాహిర్ నోటికి అందించింది. పిల్ల బొటనవేలు తీసింది.

వరసలో మొదటి తల్లి తన బిడ్డ చొక్కా చెయ్యి అప్పుడే పైకి మడుస్తోంది.